దయ్యాలమడి బియ్యం

మా మిర్యాలగూడ మిల్లు బియ్యం ఇంటర్నెట్‌లో అమ్ముదామని ఈ రోజు మనవరాలు వెబ్‌సైటుకు పేరు కొనబోయింది. మా నాన్న కాలం నుంచి బస్తాల మీదున్న ‘రెండు కొంగలు’ పెట్టమన్నాను.

“అది కోదాడోళ్లు ట్రేడ్‌మార్క్ చేయించుకున్నరు తాతా. నోటీసు వస్తది.”

“వాళ్లు పుట్టకముందు నుంచే మాది!”

“మరి నువ్వు రిజిస్టర్ చేయించినవా?”

“ఊరంతా ఎరుకనే, ఇగ రిజిస్టరెందుకు? సరే, మూడు కొంగలు పెట్టు.”

“దగ్గరి పేరున్నా కొట్లాటనే తాతా!”

కళ్లు మూసుకున్నాను. త్రిపురారంలో మా పొలం కనిపించింది. తెల్లారేటప్పుడు కాలువ మీది మంచు వరి మీదుగా మెల్లగా నడిచొచ్చేది. చిన్నప్పుడు దయ్యాలనుకుని భయపడి ఆ పొలాన్ని దయ్యాలమడి అనేవాళ్లం. ఆ పేరే చెప్పాను. మనవరాలు వెతికింది. ఎవరికీ లేదు. నవ్వుకుంటూ కొనేసింది.

నాకైతే గొప్పగానే ఉంది. ఆ బియ్యం వండుకునే ధైర్యం మీలో ఎవరికుందో చెప్పండి.