పిసకమన్నారు, కొట్టమనలేదు

మక్తల్‌లో మా ఇంటి బోరు దగ్గర పాచి మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పేసరికి చెయ్యి నాది కాదన్నట్టు బిగుసుకుపోయింది. పిడికిలి మూసుకోదు, గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. నాకు పట్టుకున్న భయం ఒక్కటే, ఇక ఈ చేత్తో రొట్టె కొట్టలేనేమోనని. మా వైపు పూట పూటకీ జొన్నరొట్టె ఉండాల్సిందే. పీట మీద పిండిముద్దను అరచేత్తో చరుస్తూ వెడల్పు చేయడాన్నే రొట్టె కొట్టడం అంటాం. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో ఆ చప్పుడు నాదే.

దవాఖానాలో కసరత్తులు నేర్పే అమ్మాయికి ఓపిక ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి పిడికిలి మూసి తెరవమంది. మణికట్టును మెల్లగా పైకీ కిందికీ వంచమంది.

"బిగిసినట్టుంటే ఫికర్ లేదు ఆంటీ. సుర్రుమని నొప్పి లేస్తే మాత్రం ఆడికే ఆపాలె. తెల్లారి వాపు కనవడ్డదంటే ఎక్కువ చేసినట్టే. బరువులు లేపొద్దు, చెయ్యి అదరనియ్యొద్దు. మెత్తటి పిండిముద్ద పిసుకుడు గూడ మంచిదే."

ఆ చివరి మాట ఒక్కటే మా ఇంటిదాకా వచ్చింది. మిగతావన్నీ దారిలోనే బస్సు దిగిపోయాయి.

మా అత్తమ్మ జొన్నపిండిలో వేడినీళ్లు పోసి ముద్ద చేసి నా ముందు పెట్టింది. పక్కనే కూర్చుని అజమాయిషీ. "పిసుకు బిడ్డా, జర గట్టిగ." పిసికాను, హాయిగానే ఉంది. కానీ ముద్ద నున్నగా తయారయ్యాక ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మంచి జొన్నలు, గిర్నీలో పట్టించిన పిండి. కసరత్తు అయిపోయిందని పారేస్తామా?

"రెండు రొట్టెలే గదా," అంది అత్తమ్మ.

నేనూ అదే అనుకుంటున్నాను. రెండోది కొడుతుండగా సుర్రుమంది. అయినా ముగించాను. నొప్పి ఎక్కడ లేచినా చేతిలో పని అయ్యాకే దాని సంగతి చూడటం నా అలవాటు. జ్వరంతో కూడా తిరగలి తిప్పి కందులు విసిరిన మనిషిని. ఆ గొప్పంతా తెల్లారేసరికి వాపై కనిపించింది.

దవాఖానాలో ఆ అమ్మాయి పిండి సంగతి విని నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పిసుకుమన్న ఆంటీ, కొట్టమన్ననా? గిట్లనే చేస్తే చెయ్యి వంగకుంట మిగుల్తది," అంది. తిరుగు బస్సులో ఏడ్చాను. తోడొచ్చిన మా ఆయన కిటికీలోంచి చేలను తెగ పరిశీలించాడు.

ఇంటికి రాగానే పీట ముందు ఆయన కూర్చున్నాడు. "నువ్వు పిసుకు, నేను కొడ్త." ఆయన మొదటి రొట్టెను అత్తమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది రొట్టెనా, కర్ణాటక పటమా?" అంది. అయినా కొడుకు చేసింది కదా, ముందు తనే తినేసింది. ఇక రోజూ అదే వరస. నేను పిసకడం, ఆయన చరచడం, ఆమె వంకలు పెట్టడం. ఆయన రొట్టెలు మెల్లగా గుండ్రం దారి పట్టాయి. నా పిడికిలి మూసుకోవడం మొదలైంది.

కొన్నాళ్లకు దవాఖానా అమ్మాయి, ఒకే ఒక్క రొట్టె మెల్లగా కొట్టి చూడమంది. నేను పీట ముందు కూర్చుంటే తల్లీకొడుకులు గోడకు ఆనుకుని, పరీక్ష రాసే పిల్లను చూసినట్టు చూశారు. ముద్ద సగం వెడల్పయింది. అప్పుడు మణికట్టులో సన్నగా సుర్రుమంది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే రొట్టె అయిపోతుంది. అత్తమ్మ ముఖంలో ఆశ. నాకూ ఆశే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నొస్తాంది. మిగిలింది నువ్వు కొట్టు," అన్నాను మా ఆయనతో.

అత్తమ్మ ఒక్క వంక కూడా పెట్టలేదు. పీటను కొడుకు వైపు జరిపి, తన చేతులే చూసుకుంది.

"గీ మాట అనొచ్చని నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా," అంది.