బడి పెట్టిన ముయ్యి

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు కనీసం యాభై ఏళ్లు వెనక్కి పోతారని నాకు తెలుసు. అంత దూరం వద్దు, ఆరేడేళ్లు చాలు. అట్లని ఇది చిన్న కథ అనుకోకండి. వాన మొగం చూడని నేల, పుస్తకం మొగం చూడని బడి, ఆ బడి కోసం కదిలొచ్చిన ఊరు, మధ్యలో పరువు కోసం పోరాటం. ఇది తరతరాలు చెప్పుకోవాల్సిన ఇతిహాసం. (రాసే ముందు ఒకసారి మనసులో మొత్తం తిప్పి చూసుకున్నా. ఇతిహాసమేమీ కాదు. యుద్ధం లేదు, ప్రయాణమంటే కంబదూరు నుంచి షేర్ ఆటో, ఇక కథానాయకుడిగా నేను చేసిందల్లా ఎక్కువ భాగం భోంచేయడమే.)

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో నాయన చూపు తట్టుకోలేక, కంబదూరు పక్కన ఒక ఊరి సర్కారు బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పే పనిలో చేరినా. హెడ్మాస్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. పిల్లలు ఆయనకు గోదారి సారు అని పేరు పెట్టుకున్నారు. చాలా మంచాయన. ఆ ఊర్లో గొడుగు పట్టుకొని తిరుగుతాడన్నది ఒక్కటే ఆయన మీద ఉన్న ఫిర్యాదు. బడిలో గ్రంథాలయం అని బోర్డు కొట్టిన గది ఒకటి ఉండేది. అందులో గ్రంథాలయ లక్షణం ఒకటే ఉండేది, నిశ్శబ్దం. దాన్ని నింపాలని సారు ఇల్లిల్లూ తిరిగినాడు. విరాళం అనే మాట వినగానే జనం మర్యాదగా చెంబుడు నీళ్లిచ్చి సాగనంపేవాళ్లు. (ఆ ఊర్లో చెంబుడు నీళ్లు కూడా విరాళమే. అది వేరే సంగతి.)

అప్పుడు దారి చూపించినాయన మైకు మామ. పెండ్లిళ్లకు మైకు సెట్టు బాడుగకిచ్చే సాయిబు, కులం మతం లేకుండా ఊరందరికీ మామ. ఆయన అసలు పేరు ప్రతిష్ఠలు ముయ్యి చదవడంలో ఉన్నాయి. పెండ్లిలో చదివింపులనే మా పక్క ముయ్యి అంటాం. ఎవరు ఏం పెట్టినారో మైకులో ఊరంతా వినేట్టు చెప్తారు. పెట్టించుకున్నోళ్లు రేపు పెట్టినోళ్లింటి కార్యానికి పోయి, పైన ఇంకొంచెం వేసి తిరిగి పెట్టాల. "విరాళమంటే ఎవురిస్తారు సార్," అన్నాడు మామ. "యాడికి పోతాదో తెలీదు, పేరు ఎవురికీ వినపడదు. బడి ముయ్యి అని చెప్దాం. ఎట్లా రారో నేను చూస్తా."

సారుకు ముయ్యి సంగతి తెలీదు. నాకు తెలుసు గానీ, ఇటుక గోడల బడిని పట్టుకొని తిరుగు ముయ్యి ఎవరడుగుతారులే అనుకున్నా. బడి ముందర షామియానా వేసినాం. మైకు మామ గొంతు సవరించుకున్నాడు. ఊరు ఊరంతా కదిలింది. ధర్మవరంలో మగ్గం నేసే అల్లుడు పంపించిన కథల పుస్తకాల కట్ట ఒకరిది, ట్యూబులైటు ఒకరిది, బెంచీ ఒకరిది, ఫ్యాను ఒకరిది. చివర్లో బడి గేటు కాడ ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే అవ్వ ఇనప ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చింది. "పుస్తకాలకు చెదలు పట్టకుండా ఉంటాది," అని దించింది. మామ దాన్ని మైకులో రెండుసార్లు చదివినాడు. సారు కండ్లు తుడుచుకున్నాడు. నేను పక్కకు తిరిగి దగ్గినా. (ఏడుపు వస్తే దగ్గడం నా అలవాటు.)

తర్వాతి నెల నుంచి బడికి పెండ్లి పత్రికలు రావడం మొదలైంది. నాలుగు మూలలా పసుపు, పైన "బడి వారికి" అని రాసి ఉండేది. సారు పొంగిపోయినాడు. "చూశారా, ఉపాధ్యాయులంటే ఇక్కడ ఎంత గౌరవమో. నాకు కుదరదండి, బడి తరఫున మీరు వెళ్లి రండి." పోయినా. ఓళిగలు తిన్నా. పుట్టువెంట్రుకలకు పోయినా, చెవులు కుట్టేదానికి పోయినా, గృహప్రవేశానికి పోయినా. ఎక్కడా చేతిలో ఏమీ లేకుండా పోయి, కడుపులో అన్నీ పెట్టుకొని వచ్చినా. నాలుగో విందులో సాంబారు నా ఆకు దాటిపోయింది. ఐదో దాంట్లో ఆకే దాటిపోయింది. ఒకరోజు ట్యూబులైటు ఇచ్చినాయన వచ్చి, "మా ఇంట్లో చీకటిగా ఉండాది సార్," అని దాన్ని విప్పుకొని పోయినాడు. మరుసటిరోజు బెంచీ పోయింది. బడి అంటే తిని చేతులు కడుక్కునే రకమని ఊర్లో మాట పడింది. పిల్లల్ని ఆ గదిలోకి పోవద్దని ఇండ్లలో చెప్పినారు.

తిరుగు ముయ్యి సంగతి మైకు మామ సారుకు విడమరిచి చెప్పినాడు. సారు గొడుగు మడిచి, విప్పి, మళ్లీ మడిచినాడు. "ఇన్ని ఇళ్లకు మనం ఏం పెట్టగలమండి. ఎవరివి వాళ్లకు ఇచ్చేద్దాం. గది మూసేద్దాం." ఆ మాటకు నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండింది గానీ ఆయన మొగం చూసి మింగేసినా.

మొదట ట్రంకు పెట్టె తీసుకొని అవ్వ ఇంటికి పోయినా. ఒంటి గది ఇల్లు. అవ్వ శెనక్కాయలు ఒలుస్తా కూర్చోనుంది.

"ఏమప్పా, మోసుకొచ్చినావే?"

"నీ పెట్టె అవ్వా. గ్రంథాలయం మూసేస్తాండాం."

"పెట్టినేది వెనక్కి తెస్తే అది ముయ్యి గాదు, మొగాన కొట్టినట్ల," అంది, చేతిలో పని ఆపకుండా. "ఈ ఊర్లో నేను ముయ్యి పెట్టని పెండ్లి లేదు. తిరిగి పెట్టించుకునేదానికి నాకు బిడ్డల్లేరు. నా ఇంట్లో మిగిలిండే కార్యం ఒకటే. దానికి అందరూ వస్తారు, నేను ఉండను. బడి అయితే కార్యం అడగదు, ఎప్పుడైనా వస్తాదనుకుంటి."

పెట్టె కింద పెట్టలేదు. మళ్లీ నెత్తికెత్తుకొని బడికి వచ్చి, ఆ మాటలు సారుకు ఉన్నవున్నట్టు చెప్పినా. ఆ రోజు నేను తమాషా కలపకుండా మాట్లాడింది అదొక్కటే. సారు లేచి నిలబడి, "మన దగ్గర ఏముందండి," అని గది చుట్టూ చూసినాడు. ఉన్నవి పుస్తకాలే.

శనివారం పొద్దుగుంకే ముందు అవ్వ ఇంటి ముందర మైకు కట్టినాం. కార్యం ఏమని అడిగినోళ్లకు మైకు మామ, "అవ్వ ఇంట్లో కార్యం, అంతే. వచ్చి కూర్చో," అన్నాడు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి పసుపు కుంకుమ పెట్టినారు. సారు పంచె కట్టుకొని వచ్చినాడు. మామ మైకు తట్టి చదివినాడు: "బడి వారి ముయ్యి, శెనక్కాయలవ్వకు, ఒక కథ."

ఎనిమిదో తరగతి పిల్ల పుస్తకం తెరిచింది. గాడిద తప్పిపోయిన ఒక ఉప్పు బేరగాని కథ. ఊరు చేతులు కట్టుకొని నిలబడి వింటాంది, తప్పు పట్టేదానికే వచ్చినట్టు. మూడో పేజీకి అవ్వకు కునుకు పట్టింది. (ఇతిహాసాల్లో ఇట్లాంటివి రాయరు.) నాలుగో పేజీలో కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది, అవ్వ మేలుకొంది. "గాడిద దొరికెనా?" అంది చీకట్లో. ఎవరో సెల్లు లైటు వేసినారు. పిల్ల గొంతు సన్నం, దూరానికి వినపడదు. వెనకున్నోళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి కింద కూర్చున్నారు. ట్యూబులైటు విప్పుకొని పోయినాయన కూడా కూర్చున్నాడు. కథ అయ్యేదాకా ఎవరూ దగ్గలేదు, నేను తప్ప.

గాడిద దొరికింది. అవ్వ కుర్చీలో ముందుకు జరిగి, "ఇప్పుడు మళ్లీ నేను పెట్టాల్నా?" అని అడిగింది.

"పైన ఇంకొంచెం వేసి," అన్నాడు మామ.

"నాకు తెలిసిన గాడిద కథలు రెండుండాయి. సోమారం వస్తా."

వచ్చింది. పిల్లలూ వచ్చినారు. ఆ తర్వాత ఎవరింట్లో కార్యమైనా బడి నుంచి ఒక పిల్లో, పిల్లోడో పోయి ఒక కథ చదివి పుస్తకాన్ని పదిరోజులు ఆ ఇంట్లో వదిలి వచ్చేవాళ్లు. అది తిరిగొచ్చేటప్పుడు ఇంకో పుస్తకాన్ని వెంట తెచ్చేది, కొన్నిసార్లు అది పంచాంగమే. పోయిన బెంచీ కూడా వచ్చింది, ఒక కాలు తక్కువతో.

ఆ శనివారం చీకట్లో నేను పెద్ద ప్రసంగం ఒకటి తయారు చేసుకున్నా, ఊరు గురించి, చదువు గురించి, మనిషి గురించి. చెప్పేలోపే మైకు మామ వైరు కొస నా చేతికిచ్చి, "చుట్టప్పా, రేపు రాప్తాడులో పెండ్లుండాది," అన్నాడు. ఇప్పుడు గుంతకల్లులో రైల్వే గుమాస్తాగా కూర్చొని అప్పటి నన్ను, ఆ పిల్లోణ్ణి, తలచుకుంటే నవ్వొస్తాది, కొంచెం ఈర్ష్య కూడా. లోకం మారిపోయిందని నమ్మి, వైరు చుడతా నిలబడినాడు. ప్రస్తుతం ఆ గ్రంథాలయం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక గంట తెరిచి ఉంటాది. చెప్పులు బయట విడవాల.