చిత్రకారుడి ఇంట్లో మంచినీళ్ళ బావి

వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఆ ఇల్లు ఉండేది. మద్రాసులో పెద్ద పేరున్న చిత్రకారుడొకాయన ఏటా ఎండాకాలం అక్కడికొచ్చి బొమ్మలు వేసుకునేవాడు. ఆయన పోయాక ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచి జనానికి చూపిస్తానని ఆయన బావమరిది దిగాడు. పి.యు.సి. తప్పి ఖాళీగా ఉన్న నన్ను తలుపులు తీసే పనిలో పెట్టుకున్నాడు. లోపల చెప్పులు, ఎండిన కుంచెలు, సగం కాల్చిన చుట్ట. ఆ చుట్ట ముందు పెద్దపెద్దవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన బతికుండగా దాని కంపుకు ఇంట్లోవాళ్ళే నిలవలేదని నేను చెప్పలేదు. నాకు జీతం ఇచ్చిందే చెప్పనందుకు.

పెరట్లో బావి ఉంది. ఆ చుట్టుపక్కల మంచినీళ్ళు పడ్డది అదొక్కటే, మిగతావన్నీ ఉప్పు. ఆయనున్నప్పుడు పల్లె ఆడవాళ్ళు అక్కడే తోడుకునేవాళ్ళు. వాళ్ళను బొమ్మగా వేసినందుకే ఆయనకు పేరొచ్చింది. అందులో ఎర్రచీర కట్టుకుని బిందె ఎత్తుతున్నది మా అక్క. బావమరిది బొమ్మను హాల్లో తగిలించి, అక్కను గేటు బయట ఉంచాడు.

అక్కకప్పుడు ఏడో నెల. రెండు మైళ్ళు ఇసకలో నడిచి, చెలమ తవ్వి నీళ్ళు తెచ్చేది. వారం ఓర్చుకుని, ఒకనాడు గేటు ముందు బిందె దించి కూర్చుంది.

"ఆయనున్నప్పుడు ఎట్టుండిందో అట్టే ఉండాల. అందుకే తాళం," అన్నాడు బావమరిది.

"ఆయనున్నప్పుడు తాళం లేదు గదయ్యా."

బావమరిది ఆలోచించాడు. ఆలోచన ఆయన మొహానికి జ్వరంలా వచ్చేది. చివరికి, ఆదివారాలు కార్లొచ్చే వేళకు బొమ్మలోలాగా ఎర్రచీరలు కట్టుకొస్తే తోడుకోవచ్చని కనికరించాడు. మిగతా ఆరు రోజులూ దాహం వేయకూడదన్నమాట.

ఆదివారం అక్క వెలిసిపోయిన నీలం చీరలోనే వచ్చింది. వెనక మరో పదిమంది, వాళ్ళూ అంతే. తీయొద్దని బావమరిది వరండాలోంచి నాకు సైగ చేశాడు. తాళంచెవి నా మొలతాడుకుంది.

"పొద్దున నువ్వు తాగిన గంజి ఏ నీళ్ళతో కాసినానో తెలుసా రా?" అంది అక్క.

వీరుడిలా గేటు తెరిచానని రాసుకోవచ్చు. నిజానికి మొలతాడు ముడి విప్పబోయి తాళంచెవి ఇసకలో పడేసుకున్నాను. వెతుక్కుని తెరిచేసరికి కార్లలో వచ్చినవాళ్ళు విసుగెత్తి సముద్రం వైపు పోయారు.

సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. మర్నాడు గేటుకు కొత్త తాళం పడింది. దాన్నెవరూ ముట్టలేదు. పెరటివైపు సరుగుడు కర్రల కంచెలో, అక్క పొట్టా బిందే పట్టేంత దారి పడింది. కర్రలు పీకింది నేనే. పని లేనివాణ్ణి, తీరిక బోలెడుంది.