మస్తానమ్మత్త చేయి

మొన్న మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన అమ్మాయి ఓ మరబొమ్మ మణికట్టుకు స్క్రూ బిగిస్తుంటే ఆమె చేతి మట్టిగాజులు గలగలమన్నాయి. నా చేతిలో పని ఆగిపోయింది. మేం తయారుచేసేది మనిషిని పోలిన మరబొమ్మలు. పక్షవాతం వచ్చినవాళ్ల చేయి పట్టుకుని, మాట్లాడిస్తూ కసరత్తు చేయిస్తాయవి. అందులో అసలు పని నాకు నేర్పింది ఏ కాలేజీ కాదు. ఆత్మకూరు బజారులో మా కిరాణా కొట్టు పక్కన గాజులమ్మిన మస్తానమ్మత్త.

చిన్నప్పుడు బేరంలో మా నాయన కంటే రెండాకులు ఎక్కువే చదివాననుకునేదాన్ని. ఒకసారి అత్త గాజు తొడుగుతుంటే నొప్పేసి చేయి వెనక్కి లాగాను. ఆమె వెంటనే వదిలేసింది. గాజు కింద పడి పగిలింది.

"తొడిగేటప్పుడు పగిలితే నష్టం మాదేలేమే. ఏడవబాక," అంది.

"మరి నేను భయపడినందుకో?"

"అంగడోళ్ల బిడ్డవనిపించినావు," అని నవ్వి ఇంకో గాజు ఉత్తినే ఇచ్చింది.

గాజు తొడిగేటప్పుడు ఆమె ఎవరి చేతికేసీ చూసేది కాదు. అనంతసాగరం నుంచి వచ్చినామె అయితే బర్రె ఈనిందా అని అడిగేది. మాటలో పడగానే ఆ చేయి మెత్తబడేది. "చేతినే చూస్తే బిగుసుకుంటాదిమే. మొకం చూసి మాట్లాడాల," అనేది. విన్నాను గానీ, పెద్ద చదువులు చదివి మరిచిపోయాను.

మా మొదటి బొమ్మకు చక్కటి ముఖం పెట్టాను, నవ్వు పెట్టాను. అయినా పరీక్షలో ముసలివాళ్లు ఒక్కొక్కరే చేయి లాక్కున్నారు. ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే ఈ బొమ్మల పనే మానేద్దామన్నాడు మా బాసు. సరిగ్గా అప్పుడే అత్తకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిందనీ, ఉదయగిరిలో చెల్లెలింట్లో ఉందనీ తెలిసింది. బొమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. పరామర్శ సగం, ఖర్చు లేని పరీక్ష సగం. నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

బొమ్మ ఆమె చేయి పట్టుకుని, దాన్నే చూస్తూ పైకి లేపసాగింది. "ఇదేందిమే, దొంగను పట్టుకున్నట్టు పట్టుకోనుండాది?" అంటూ అత్త ఎడమచేత్తో కుడిచేతిని లాక్కోబోయింది. బొమ్మ వదల్లేదు. కసరత్తు అయ్యేదాకా వదలొద్దని దానికి చెప్పింది నేనే. గబగబా ఆపేశాను. అప్పటికే అత్త కళ్లలో నీళ్లు.

"లాగితే వదలాలని దీనికి చెప్పలేదా?"

"లేదత్తా."

"నీ చెయ్యి నేనెప్పుడన్నా ఇట్ట పట్టుకున్నానా?"

బొమ్మను వెనక్కి తెచ్చి, లాగితే వదిలేలా మార్చాను.

నెల తిరక్కముందే మళ్లీ వెళ్లాను. ఈసారి బొమ్మ అరచేయి చాచి, ఆమె ముఖం చూస్తూ, "పట్టుకోవచ్చా?" అని అడిగి ఆగింది. అత్త కావాలనే దాన్ని చాలాసేపు ఎదురుచూడనిచ్చింది. చివరికి ఎడమచేత్తో కుడిచేతిని తెచ్చి అందులో పెట్టి, అంతలోనే లాక్కుంది. బొమ్మ వదిలేసింది. మూడుసార్లు అలాగే చేసి, నాలుగోసారి చేయి అక్కడే ఉంచేసింది. బొమ్మ చేతిలో ఆ చేయి మెల్లగా పైకి లేచింది.

నా పని గట్టెక్కింది. "దీన్ని నీకు తోడుగా ఇక్కడే ఉంచేసి పోతానత్తా," అన్నాను.

"వద్దుమే. ఎవురూ రానోళ్లకియ్యి. నా కాడికి నువ్వు వస్తా ఉండు."

నెలకెన్నిసార్లని బేరం పెట్టబోయి నోరు మూసుకున్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను.

ఇప్పుడు ప్రతి బొమ్మతో వెళ్లే కాగితంలో మొదటి వాక్యం నాదే: "ఈ బొమ్మ ఇంట్లో ఉన్నా, రోజూ ఒక మనిషి వచ్చి పక్కన కూర్చోవాలి." అమ్మే సరుకు మీద ఎవరైనా ఇలా రాసుకుంటారా అని బాసు గింజుకుంటాడు. మా నాయన ఉన్నా అదే అనేవాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నేను బేరానికి రాను.