ఎవరన్నారు పిన్ని

మా పిన్నికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "ఎవరన్నారు?" అంటుంది. వాన వచ్చేలా ఉందంటే ఎవరన్నారు అంటుంది. పాలు పొంగుతున్నాయే అని అమ్మ కేకేస్తే, వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరన్నారు అంటుంది. ఈలోగా పాలే పొయ్యి మీద పడి జవాబు చెబుతాయి. వీధి వీధంతా ఆమెను "ఎవరన్నారు పిన్ని" అనే పిలుస్తుంది. ఆ పేరు మొదట ఎవరన్నారో కూడా పిన్ని ఆరా తీసి పట్టుకుంది. మా నాన్న.

తప్పంతా పిన్నిది కాదు, ఉద్యోగానిది. ఊపిరితిత్తుల ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య ఇరుకు గదిలో కూర్చుని పరిశోధనల పోకడలు చూస్తుంది. ఒంట్లో ప్రతి కణం తన లోపలి చెత్తను తనే తిని శుభ్రం చేసుకుంటుందట. ఏళ్ల తరబడి పీడించే ఊపిరితిత్తుల జబ్బులో ఆ శుభ్రత ఎక్కడ చెడుతోందో దేశదేశాల వాళ్లు రాస్తున్నారు. ఎవరేం రాశారు, ఆ మాట ఎవరి దగ్గర తీసుకున్నారు, వాళ్లు ఎవరి దగ్గర తీసుకున్నారు, ఇప్పుడు గాలి ఎటు వీస్తోంది అని చూడటమే పిన్ని పని. అందుకని ఏ కాగితాన్నయినా చివరి పేజీ నుంచే చదువుతుంది. కరెంటు బిల్లును కూడా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది.

"చాడీలు చెప్పేవాళ్లకి సరిగ్గా సరిపోయే ఉద్యోగం నీది," అనేవాడు నాన్న.

"ఎవరన్నారు బావా?"

"నేనే అంటున్నా."

"నీకెవరన్నారు?"

నాన్నకు నవ్వొచ్చేది. నవ్వు దగ్గయ్యేది, దగ్గు ఆయాసమయ్యేది. పనిచేసినన్నాళ్లూ వెల్డింగ్ పొగ మింగిన మనిషి, ఆయనదీ ఆ ఊపిరితిత్తుల జబ్బే. పిన్ని మంచినీళ్లు అందిస్తూ, "మాటల్లో ఓడిపోయినప్పుడల్లా దగ్గడం నీకు అలవాటే," అనేది.

అలాంటి నాన్న ఉన్నట్టుండి తిండి మానేశాడు. గ్లాసుడు నీళ్లు తాగి, యుద్ధానికి బయల్దేరినవాడిలా కుర్చీలో బిగుసుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకే చొక్కా ఒంటిమీద వేలాడసాగింది. మెట్లెక్కడం మాట దేవుడెరుగు, చెప్పులు తొడుక్కోవడానికే రొప్పుతున్నాడు. అమ్మ బతిమాలింది, నేను పోట్లాడాను. నాకు భయం వేసింది.

"పస్తుంటే కణాలు చెత్తంతా తినేసి ఊపిరితిత్తులు అద్దంలా అవుతాయి," అన్నాడు నాన్న. "ఈ జబ్బు ముందు నేను చేతులు కట్టుకుని కూర్చోను. నా ఊపిరి, నా ఇష్టం."

అప్పుడే వచ్చిన పిన్ని చెప్పులు కూడా విప్పలేదు. "ఎవరన్నారు?"

"మన వీధి టైలరు."

"పదవే," అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. టైలరును ఏ మాటతో మొదలుపెట్టి కడిగేయాలా అని నేను దారంతా కూడబలుక్కుంటూ నడిచాను.

సంగతి వినగానే టైలరు మెషిను ఆపి తెల్లబోయాడు. "అయ్యో, మేలవుతుందనే చెప్పానమ్మా."

నేను నోరు తెరిచేలోపు పిన్ని అందుకుంది. "మీరు మంచికే చెప్పారు. మీకెవరన్నారు?"

టైలరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "మా తోడల్లుడండీ. బస్సు నడుపుతాడు."

బస్సు డిపోలో తోడల్లుడూ ముందు బిక్కమొహం వేశాడు. ఆయన్నీ అదే అడిగింది. తేరుకుని, వ్యాయామశాల మాస్టారి పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. మాస్టారు చేతిలో బరువులు కింద పెట్టి, "నాకెవరూ చెప్పలేదండీ, కళ్లారా చూశాను. మీ ఆసుపత్రి హాల్లో గోడ మీదే ఉందిగా," అన్నాడు.

పిన్ని ఎవరన్నారు అని అడగకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

హాల్లో బంగారు రంగు ఫ్రేములో పెద్ద బొమ్మ ఉంది. ఆకలిగా ఉన్న కణం తన చెత్త తాను తిని శుభ్రపడుతుందని పైన ఒక వాక్యం. దాని కింద ఏటేటా పైపైకి ఎగబాకుతున్న గీత. ఆ గీత ఏడాదికేడాది వచ్చిన పరిశోధన వ్యాసాల లెక్క. ఆ సంగతి చెప్పే వాక్యం మాత్రం ఫ్రేము చెక్క వెనక్కి పోయి కనబడటం లేదు. ఇంక చూసినవాళ్లు, పస్తులుండి అంతమంది కోలుకుంటున్నారనుకోక ఏమనుకుంటారు? ఆ బొమ్మ గీసింది పిన్ని.

"ఫ్రేము కట్టినవాణ్ణి అనాలి," అన్నాను.

"వాణ్ణెందుకు? చీమ తలకాయంత అక్షరాలతో అంచున రాసింది నేను. ఇంక అడగక్కర్లేదు. నా దగ్గర ఆగిపోయింది."

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లూ పిన్ని ఎవరినీ నువ్వు తప్పు అనలేదు. ఎవరన్నారని అడిగి, ఎదుటివాడి నెత్తిమీది బరువు దించి ముందుకు నడిచేది. ఆ బరువు తన దగ్గరికే వచ్చాక మాత్రం ఇంకొకరి వైపు తోయలేదు. ఆవిడ మీద అంత ప్రేమ నాకు అంతకుముందు పుట్టలేదు.

డైరెక్టరుగారు గదిలోంచి వచ్చారు. "దాని జోలికెళ్లకండి. పైకెళ్లే గీత చూస్తే రోగులకు ధైర్యంగా ఉంటుంది."

"పైకెళ్తున్నవి కాగితాలండీ, ఊపిరి కాదు."

"పైనుంచి పెద్దవాళ్లు ఆసుపత్రి చూడటానికొస్తున్నారు. గోడ బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?"

"బాగుండకపోతే పోనీండి," అని పిన్ని బెంచీ ఎక్కి బొమ్మ దించేసింది. దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కి, తెచ్చి నాన్న ఎదుట నిలబెట్టింది.

"మరి శుభ్రపడటం అబద్ధమా?" అన్నాడు నాన్న.

"కణం చీపురు పట్టడం నిజమే బావా. ఈ జబ్బులో చీపురు సాగడం లేదని కొందరు రాశారు. మరీ ఊడ్చి గోడలే కూల్చుకుంటోందని కొందరు రాశారు. వాళ్ల తగవు తెగలేదు. నువ్వు తినకపోతే కండ కరుగుతుంది, ఊపిరి లాగేది ఆ కండే. అందులో తగవు లేదు. కావాలంటే నీ డాక్టర్ని అడుగు. యుద్ధం చేస్తానంటే వద్దన్నానా? తిని చెయ్యి."

నాన్న ఆ గీతను వేలితో కింది నుంచి పైదాకా తడిమాడు. తర్వాత అమ్మను పిలిచి, ఉడికించిన గుడ్లు ఉన్నాయా అన్నాడు. అమ్మ పరిగెత్తింది.

మళ్లీ వారం శ్వాస వ్యాయామానికని నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాం. బొమ్మను పిన్ని అప్పటికే తిరిగి గోడకెక్కించింది. దానిమీద బారెడు అక్షరాలతో రాసింది: "ఇవి కాగితాలు. కోలుకున్నవాళ్లు కాదు. భోజనం మానకండి." డైరెక్టరుగారు దాని ముందు నిలబడి ఎర్రబడ్డారు.

"ఇలా రాయమని ఎవరన్నారు?"

పిన్ని నోరు తెరిచింది. బెంచీ మీంచి నాన్న చెయ్యి పైకెత్తాడు. నోట్లో గుడ్డు ఉంది. నమలడం అయ్యేదాకా హాలంతా ఆగింది.

"నేనన్నాను," అన్నాడు.

"మీకెవరన్నారు?"

"మా మరదలు. ఆవిడకి పైన ఇంకెవరూ లేరండీ."