మా నాన్న కంట్లో గాలిబుడగ

మా నాన్న సుందర్ రాజ్ విశాఖ పోర్టులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపాడు. అంతెత్తున క్యాబిన్‌లో కూర్చుని, కాళ్ల కింది అద్దంలోంచి ఓడ కడుపులోకి చూస్తూ బొగ్గు ఎత్తిన మనిషి. బతుకంతా కిందికే చూశాడు. అలాంటివాణ్ణి డాక్టరమ్మ వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు రోజులు కప్పుకేసి చూస్తూ ఉండమంది.

ఎడమ కన్ను నీటికాసుల జబ్బుతో ఎప్పుడో పోయింది. మిగిలింది కుడికన్ను. దానికీ ఎనిమిదేళ్ల కిందట ఎవరో మహానుభావుడు దానమిచ్చిన కార్నియా వేశారు. ఈ మధ్య పొద్దున్నే లేచి, మల్కాపురమంతా మంచు పట్టిందే గ్రేసీ, అనేవాడు. మే నెలలో మంచేమిటని కసురుకునేదాన్ని. నా తలకాయ. ఆ మాట విన్నరోజే తీసుకెళ్లాల్సింది. లోపలి పొర పాడైపోయి కార్నియా నీరుపట్టి ఉబ్బిపోయిందట.

ఈసారి కార్నియా మొత్తం మార్చలేదు. లోపలి పొర ఒక్కటే కొత్తది పెట్టారు. దానికి కుట్లుండవు. కంట్లో వదిలిన గాలిబుడగ పైకి తేలి, ఆ పొర అంటుకునేదాకా ఒత్తి పట్టుకోవాలి. తల వంచాడా, బుడగ జారుతుంది, పొర ఊడుతుంది. ఇక చూపు ఉండదు.

అన్నానికీ బాత్రూముకీ తప్ప లేవకూడదు. కాఫీ కూడా స్ట్రాతోనే. ఇంట్లో ఆయనకు మంచం, నాకు పక్కన స్టూలు. నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి, నిద్రలో తల తిప్పుతాడేమోనని నుదుటి మీద చెయ్యేసి కూర్చున్నాను. రెండోరోజుకే ఊపిరాడలేదు. గుమ్మం దాటి నాలుగడుగులు నడిస్తే చాలనిపించింది. దాటితే భయం.

ఆ సాయంత్రం పాస్టరు జాన్ పాల్ గారు చర్చివాళ్లతో వచ్చారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థనలో కళ్లు తెరవడమంటే మా ఇళ్లలో పెద్ద తప్పు. చిన్నప్పుడు తెరిస్తే అమ్మ తొడపాశం పెట్టేది. అలవాటుగా అందరితోపాటు నేనూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అని తెరిచేసరికి మంచం మీద మనిషి లేడు. నేల మీద మోకరించి, మంచం పట్టెకు నుదురు ఆనించి ఉన్నాడు.

పాస్టరుగారి ముందే అరిచేశాను. నాన్న మాత్రం నెమ్మదిగా, "దేవుడి ముందర కాళ్లు సాపుకుని తొంగుంటానేటే?" అన్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో చూస్తే పొర ఒక అంచున ఊడింది. డాక్టరమ్మ మళ్లీ గాలి ఎక్కించింది. ఇదీ నిలవకపోతే ఇంకో దాత కోసం ఎదురుచూడాలని, ఇంకో ఆపరేషన్‌కి ఆ కన్ను తట్టుకుంటుందో లేదో చెప్పలేనని అంది. మళ్లీ నాలుగు రోజులు. మళ్లీ అదే మంచం, అదే స్టూలు, అదే ఫ్యాను. ఆయన నాతో మాట్లాడలేదు. నాకూ కోపం చల్లారలేదు. ఓడల కూతలు వింటూ ఇద్దరం అలాగే పడి ఉన్నాం.

నాలుగోరోజు పాస్టరుగారు చర్చివాళ్లతో మళ్లీ వచ్చి గడప దగ్గరే ఆగిపోయారు. తన వల్లే అలా జరిగిందని నొచ్చుకున్నారు. ప్రార్థన చేసుకోవచ్చా అని నన్నడిగారు. నాన్న దుప్పటి అంచు పిడికిట్లో బిగించాడు. నాకు జాలేసింది. చేయండి అన్నాను. తలవైపు కూర్చుని, నాన్న నుదుటి మీద అరచెయ్యి గట్టిగా ఆనించాను.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూయలేదు. బతుకులో మొదటిసారి. ప్రార్థనలో ఒక్క ముక్క వినలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

సగంలో నాన్న పెదాలు కదిలాయి.

"ఏటే పిల్లా, నువ్వు కళ్లు మూసుకోవేటి?"

కుడికన్ను తిన్నగా నా ముఖంలోకే చూస్తోంది. నా కళ్లు తెరిచి ఉన్నాయని దానికి కనిపించింది. పాస్టరుగారు ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.