ఎర్రర్ లెక్కకు రాదు

2013లో సౌదీలో ఖతీఫ్ దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా పనిచేశాను. శుక్రవారం ఉదయాల్లో ఫిలిప్పీన్స్ వాళ్లు క్యాంపు వెనక ఇసుకలో బేస్‌బాల్ ఆడేవారు. రోజూ హాజరు రాసేవాణ్ణని స్కోరు పుస్తకం నాకే అప్పగించారు. మా కడపలో ఆ ఆట పేరు కూడా వినలేదు. చూసి చూసి నేర్చుకున్నాను.

ఆ ఏడాదే, కంపెనీలు సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు బిగిసింది. సౌదీ ఉద్యోగులు చాలినంత మంది లేని కంపెనీలు ఎరుపు జాబితాలో పడ్డాయి. మాదీ పడింది. ఇక మా నివాస అనుమతి, అంటే ఇఖామా, రెన్యువల్ కాదు. గడువులోగా పూచీ పడే వేరే యజమాని, కఫీల్, దొరకాలి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికే. నాకు దమ్మాంలో ఒక ఆఫీసు దొరికింది. చాలామందికి దొరకలేదు.

పచ్చ జాబితాలో ఉన్న పక్క కంపెనీ మేనేజరు అమెరికాలో చదువుకున్న సౌదీ, బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాడు. ఆయన దగ్గర ఏసీ టెక్నీషియన్ ఖాళీ ఒక్కటే ఉంది. మావాళ్లిద్దరిని పరీక్షించాడు: జగిత్యాల మల్లేశం, ఫిలిప్పీన్స్ రోడెల్. ఇద్దరూ మా శుక్రవారం ఆటలో ఆడేవాళ్లే, పనిలోనూ సమానమే. తన కంపెనీ బేస్‌బాల్ జట్టుకు పనికొచ్చేవాణ్ణి తీసుకుంటానని, పదింటికల్లా ఇద్దరి ఆన్ బేస్ పర్సెంటేజ్ పంపమని ఒక ఉదయం నాకు ఫోన్ చేశాడు.

బ్యాటర్ ఎన్నిసార్లు ఆటకు దిగి, ఎన్నిసార్లు ఔట్ కాకుండా పరుగుదారిలోని గుర్తును, అంటే బేస్‌ను, చేరాడో చెప్పే లెక్క అది. కొట్టి చేరినా, ఎదుటివాడు నాలుగు చెడ్డ బంతులు వేస్తే నడిచి చేరినా విలువ ఒకటే. రోడెల్ గట్టిగా కొట్టేవాడు. మల్లేశానికి చెడ్డ బంతిని వదిలేసే ఓపిక ఉంది.

యాభైలో ఇరవై మల్లేశం, నలభై ఆరులో పద్దెనిమిది రోడెల్. మల్లేశమే పైన ఉన్నాడు. పంపేముందు అలవాటుకొద్దీ పుస్తకం మళ్లీ చూశాను. ఒకచోట నా చేత్తోనే ఎర్రర్ అని రాసి ఉంది. ఫీల్డర్ బంతిని జారవిడిస్తే బ్యాటర్ బేస్ చేరినా ఈ లెక్కకు రాదు. ఇరవై కాస్తా పందొమ్మిదైంది. రోడెల్ ముందుకొచ్చాడు.

తొమ్మిదిన్నర అయింది. ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. వర్క్‌షాపుకు వెళ్లి మల్లేశానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నేను బేస్ మీద నిలవడ్డ గదా భాయ్?"

"నిలబడినావు. కానీ అది వాళ్ల తప్పుతో వచ్చిందప్పా. నీ లెక్కలో రాయకూడదు."

చేతిలోని స్పానర్‌ను తుడిచి పక్కన పెట్టాడు. "కంపెనీ ఎర్రల వడ్డది నా తప్పా మరి? దానికైతే నేనే పోవాలె."

చివరికి సరైనదే పంపమన్నాడు తను. రోడెల్ కూడా పిల్లలుగలవాడే అన్నాడు.

పది కావడానికి మూడు నిమిషాలుండగా పంపాను. ఎర్రర్ వల్ల మల్లేశం చేరిన ఆ ఒక్కసారి గురించి కింద ఒక వాక్యం కూడా రాశాను. జవాబుగా థాంక్స్ అని మాత్రం వచ్చింది. రోడెల్‌కు ఉద్యోగమైంది. మూడు వారాలకు మల్లేశం ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు.

అంకె తప్పు కాకూడదని మాత్రమే అంతవరకు నాకు తెలుసు. ఇప్పుడు ఎవరైనా ఒక మనిషి గురించి అంకె అడిగితే, దానితో ఏం చేస్తారని ముందు అడుగుతాను. అలా అడిగినందుకు దమ్మాం ఆఫీసులో ఒకసారి మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను, అడగడం మాత్రం మానలేదు.